వీపు మీద గళ్ళు

రొట్టె కోయడానికి రిమ్మా అటు తిరిగిందో లేదో, వెనకాల బల్ల మీద పింగాణీ జరిగిన చప్పుడైంది. ఆమె వెంటనే తిరిగి చూడలేదు. కోయాల్సిన ముక్కలు కోసింది, తట్టలో పేర్చింది, కత్తి తుడిచి పక్కన పెట్టింది, అప్పుడు తిరిగింది. మొగుడు వాదిమ్ బుద్ధిమంతుడిలా చెంచా పట్టుకుని కిటికీలోంచి పైన్ చెట్లకేసి చూస్తున్నాడు. అతని ముందున్న సూపు పళ్ళేనికి అంచున చిన్న పెచ్చు ఊడి ఉంది. పెచ్చు ఊడిన పళ్ళేన్ని రిమ్మా ఎప్పుడూ తన ముందే పెట్టుకుంటుంది. పెళ్ళయినప్పటి నుంచీ అంతే.

పళ్ళేలు మార్చేశాడన్నమాట.

ఇది మొదటిసారి కాదు. మొదటిసారి తనే పొరపాటున అటుదిటు పెట్టాననుకుంది. రెండోసారి, మాంసం ముక్క ఎందులో పెద్దదో చూసుకుని ఉంటాడులే అని సరిపెట్టుకుంది. ఇప్పుడిక అనుకోవడానికి ఏమీ మిగల్లేదు. దానికి తోడు పిల్లి ఒకటి. తిష్కా అనే ఆ బద్ధకపు పిల్లికి ఈమధ్య రాజయోగం పట్టింది. ఇదివరకు చేప తలకాయ కోసం కాళ్ళకి అడ్డం పడి ఏడ్చేది. ఇప్పుడు అయ్యగారు తన పళ్ళెంలోంచి మొదటి చెంచా దానికే పోస్తున్నాడు. అది మీసాలు నాక్కుని, ఒళ్ళు విరుచుకుని, బతికే ఉన్నానని రుజువు చేశాక అప్పుడు తింటున్నాడు.

"పిల్లికేం కాలేదు, ఇంక తిను," అంది రిమ్మా.

"ఏం మాట్లాడుతున్నావు?"

"ఏం లేదులే. మీగడ వేసుకుంటావా, అది కూడా తిష్కా చూడాలా?"

వాదిమ్ తల వంచుకుని సూపు తాగాడు. సిగ్గుతో ముఖం ఎర్రబడాల్సిన చోట అతని ముఖం పాలిపోయి, కాస్త ఉబ్బి, నానబెట్టిన రొట్టెలా ఉంది. ఎర్రబడేంత వేడి ఆ ఒంట్లో లేదు. ఈ గొడవంతా మొదలైందే అక్కడ.

వాదిమ్ వ్యోమగామి. భూమి చుట్టూ తిరిగే కేంద్రంలో అరసంవత్సరం పైనే ఉండి, వేసవి చివర్లో కజక్ మైదానంలో దిగాడు. దిగిన ప్రతివాడికీ ఏదో ఒకటి అవుతుంది. ఒకడికి కాళ్ళు తేలిపోతాయి, ఇంకొకడు మంచం మీంచి ఎగిరిపోతున్నానని దుప్పటి పట్టుకుని వేలాడతాడు. వాదిమ్ అయితే టీ తాగి కప్పుని గాల్లో వదిలేసేవాడు, అది అక్కడే తేలుతూ ఉంటుందని. పెళ్ళినాటి కప్పులు అలా చాలా పోయాయి. రిమ్మా నవ్వుతూనే పెంకులు ఊడ్చింది. మనిషి దిగొచ్చాడు, కప్పులదేముంది.

అవన్నీ తగ్గాయి కానీ చలి మాత్రం పోలేదు. రెండు స్వెట్టర్లు తొడుక్కుని, కాళ్ళకి ఉన్ని బూట్లు వేసుకుని, ఇల్లు వెచ్చబెట్టే గొట్టాలకి వీపు ఆనించి కూర్చునేవాడు. గొంతు బొంగురుపోయింది. ఒక మాట అడిగితే జవాబు వచ్చేలోపు కూర ఉడికేది. గొంతులో థైరాయిడ్ గ్రంథి మందగించిందని వైద్యులు తేల్చారు.

"అది ఒంటికి వంటమనిషి లాంటిది," అని డాక్టర్ నెల్లీ అర్కాద్యెవ్నా అప్పట్లో రిమ్మాకి చెప్పింది. "ఎప్పుడు ఎంత మంట పెట్టాలో దానికి తెలుసు. బరువనేదే లేని చోట ఇన్నాళ్ళు ఉంచేసరికి దాని చెయ్యి తప్పింది. ఎందుకలా అవుతుందో మాకూ పూర్తిగా తెలీదు. నేల మీద నాలుగు రోజులు నడిస్తే మళ్ళీ దారిన పడొచ్చు. చాలామందికి పడింది."

పడినట్టే కనిపించింది కూడా. శరదృతువులో నల్లసముద్రం ఒడ్డున శానిటోరియంకి విశ్రాంతికని పంపితే, అక్కడ నెత్తురు పరీక్ష బాగా వచ్చింది. ఒక స్వెట్టరు విప్పాడు. జోకులు వేశాడు. ఇంటికొచ్చాక మళ్ళీ మొదటికొచ్చింది. వసంతంలో వైద్యసంఘం కూర్చుంటుంది. అప్పటికి నెత్తురు సరిగ్గా ఉంటే తర్వాతి యాత్రకి వాదిమే కమాండరు. లేకపోతే అతని మారుమనిషి, పై అంతస్తులో ఉండే గెన్నదీ వెళ్తాడు. వాదిమ్ వయసుకి మళ్ళీ పిలుపంటూ రాదు. ఇదొక్కటే మిగిలింది.

సముద్రం దగ్గర బాగుంటుంది, ఇంట్లో పాడవుతుంది. ఈ ముక్క వాదిమ్ బుర్రలో పడింది, పురుగులా తొలవడం మొదలెట్టింది. ముందు గెన్నదీ మీదకి పోయింది అనుమానం. అతను తెచ్చిన తేనె సీసాని మూత కూడా తియ్యకుండా చెత్తలో పారేశాడు. మెట్ల మీద ఎదురైనప్పుడు గెన్నదీ, "ఏం వదినా, మావాడు నన్ను చూస్తే ముఖం తిప్పుకుంటున్నాడు, నేనేమైనా అప్పున్నానా?" అని అడిగితే రిమ్మా ఏం చెప్పాలో తెలీక చలికాలం మీదికి నెట్టేసింది. తర్వాత గెన్నదీ శిక్షణకని దక్షిణానికి పోయి చాలా వారాలు ఉండిపోయాడు. అయినా వాదిమ్ నెత్తురు బాగుపడలేదు. దాంతో గెన్నదీ నిర్దోషి అని తేలిపోయింది. ఇంక మిగిలింది ఇల్లు. ఇంట్లో ఉన్నది ఒక పిల్లి, ఒక పెళ్ళాం. వాటిలో వంట చేసేది ఒక్కతే.

పైగా ఆమె అన్న మాట ఒకటి ఉంది. వాదిమ్ దిగొచ్చిన సంబరానికి ఇంటినిండా జనం చేరినప్పుడు, గ్లాసు ఎత్తి ఏదైనా చెప్పమని అందరూ పట్టుబడితే రిమ్మా చెప్పింది: "ఈసారి వీణ్ణి పైకి పంపుతానంటే నేను ఊరుకోను. కాళ్ళు నేలకేసి మేకులు కొడతా!" అందరూ పగలబడి నవ్వారు. వాదిమ్ అందరికంటే గట్టిగా నవ్వాడు. అప్పుడు నవ్విన మాటే ఇప్పుడు సాక్ష్యమై కూర్చుంది.

అది ఉత్త జోకు కాదని రిమ్మాకి తెలుసు. అతను పైనున్నన్నాళ్ళూ ఆమె బళ్ళో పిల్లలకి పాటలు నేర్పింది, ఇల్లు తుడిచింది, నవ్వింది, కానీ ఒక్క నిద్ర కూడా నిండుగా పోలేదు. ఇంకోసారి అది తన వల్ల కాదు. కాదన్నంత మాత్రాన మొగుడి సూపులో ఏదో కలిపే మనిషినా నేను? అనుకున్నప్పుడల్లా ఆమెకి ముందు కోపం వచ్చేది, తర్వాత ఏడుపు.

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి వంటింట్లో అలమార్లన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. వాదిమ్ ఉప్పు సీసాలో ముక్కు పెట్టి వాసన చూస్తున్నాడు.

"ఏమైంది, పిల్లి సెలవు పెట్టిందా?" అంది రిమ్మా.

"ఈ ఉప్పెక్కడిది?"

"కొట్లోది. ఉప్పు ఎక్కడ దొరుకుతుందయ్యా?"

"సముద్రపు క్యాబేజీ వండుతున్నావా?"

సముద్రపు క్యాబేజీ అంటే డబ్బాల్లో వచ్చే నాచు. ఊళ్ళో కొట్టుకి వెళ్తే ఇంకేమున్నా లేకపోయినా గోడ పొడుగునా ఆ డబ్బాలే కనిపిస్తాయి, కొనే దిక్కుండదు.

"నీకు దాని వాసన పడదని నేనెప్పుడైనా కొన్నానా? ఉన్నట్టుండి అదెందుకు గుర్తొచ్చింది?"

"ఊరికే అడిగాను."

"ఊరికే అడిగేవాడు ఉల్లిపాయల గంప ఎందుకు బోర్లించాడు?"

వాదిమ్ ఒంగి ఉల్లిపాయలు ఏరబోయి, సగంలో నడుం పట్టుకుని పళ్ళు బిగించాడు. రిమ్మా గబగబా వచ్చి చంకల కింద చెయ్యివేసి లేపింది. ఆ క్షణంలో ఇద్దరూ పాత మొగుడూ పెళ్ళాలే అయిపోయారు.

"శనివారం దాకా ఓర్చుకో," అంది.

ఆ నడుం సంగతి ఇంట్లో తప్ప ఎవరికీ తెలీదు. బరువు లేని చోట వెన్ను సాగుతుంది, దిగేటప్పుడు ఆ కుదుపుకి మళ్ళీ కుంగుతుంది. వాదిమ్‌కి అలా కుంగిన దగ్గర ఎక్కడో పట్టేసింది. వైద్యులకి చెప్పలేదు. వ్యోమగాములూ పైలట్లూ ఉండే ఈ ఊళ్ళో ఎవడూ చెప్పడు. వైద్యుడి గదిలో కొత్తగా ఆరోగ్యం ఇచ్చేదేమీ ఉండదు, ఉన్నదాంట్లోంచి తీసుకోవడమే అని వీళ్ళ నమ్మకం. దొంగకి తేలు కుట్టినట్టు, కిమ్మనకుండా నవ్వుతూ పరీక్షలకి వెళ్ళి, నవ్వుతూ తిరిగొచ్చి, గుమ్మం దాటాక మూలిగేవాడు.

శనివారం మగవాళ్ళంతా గ్యారేజీల వెనకున్న బాన్యా అనే ఆవిరి స్నానాల గదికి వెళ్ళి, ఆ ఆవిరిలో ఉడికి, బర్చ్ రెమ్మలతో ఒకళ్ళ వీపులు ఒకళ్ళు బాదుకుని, బీట్‌రూట్ దుంపల్లా ఎర్రగా ఇంటికొస్తారు. వాదిమ్ వచ్చి సోఫా మీద బోర్లా పడుకునేవాడు. రిమ్మా అగ్గిపుల్లకి దూది చుట్టి, టింక్చరు సీసాలో ముంచి, మెడ దగ్గర్నుంచి నడుం దాకా నిలువు గీతలు, వాటి మీద అడ్డగీతలు గీసి వీపంతా గళ్ళు గళ్ళుగా నింపేది. ఇక్కడ దగ్గొచ్చినా గళ్ళే, దెబ్బ తగిలినా గళ్ళే, నడుం పట్టినా గళ్ళే. మనం పిల్లలకి దిష్టిచుక్క పెట్టినట్టు పెట్టేస్తారు తప్ప దాన్ని మందు కింద ఎవరూ లెక్కెయ్యరు. గీతలు తొందరగా మాయమైతే ఒళ్ళు ఆ టింక్చరు కోసం దాహంగా ఉందని అర్థం, ఇంకాస్త దట్టంగా పుయ్యాలి, అని రిమ్మా అమ్మమ్మ చెప్పేది. ప్రతి అమ్మమ్మా అదే చెప్తుంది. వాదిమ్ వీపు మీద గీతలు సోమవారానికల్లా మాయమయ్యేవి. అందుకని రిమ్మా వారం వారం ఇంకాస్త దట్టంగా గీస్తూ వచ్చింది.

ఆ శనివారం కూడా గీసింది. గీస్తుంటే ఒక సంగతి తట్టి నవ్వొచ్చింది. ఈ మనిషి నా చేతికి వీపు అప్పగిస్తాడు, పళ్ళెం మాత్రం అప్పగించడు. వాదిమ్ ఆ వెచ్చదనానికి కళ్ళు మూసుకుని, "నీ చెయ్యి మంచిదే," అని గొణిగాడు కూడా.

తర్వాత పరీక్షలో నెత్తురు మునుపటి కంటే పాడైంది. ఆ రోజు నుంచి వాదిమ్ ఇంట్లో తినడం మానేశాడు. పనుందని పొద్దున్నే పోయి మూడుపూటలా క్యాంటీన్లో కానిచ్చేవాడు. చిన్న ఊరు, ఎవడు ఎక్కడ తుమ్మినా అందరూ చిరంజీవ అంటారు. కొట్టు దగ్గర వరసలో నిలబడితే ఒకావిడ అడగనే అడిగింది:

"ఏంటి రిమ్మా, పొయ్యి ఆర్పేశావా? మీ ఆయన మా క్లావ్దియా చేతి వంటకి బాగా అలవాటు పడ్డాట్ట!"

క్లావ్దియా క్యాంటీన్లో వడ్డించే మనిషి, పుష్టిగా ఉంటుంది, నవ్వితే బుగ్గలు సొట్టలు పడతాయి. రిమ్మా అప్పటిదాకా అనుమానించబడిన మనిషే, అనుమానించిన మనిషి కాదు. ఆ మాటతో అదీ మొదలైంది. ఈ పిల్లీ పళ్ళేలూ అన్నీ నాటకమేమో, ఇంటి నుంచి జారుకోవడానికి సాకేమో! మధ్యాహ్నం బడి వదిలి తిన్నగా క్యాంటీన్ కిటికీ దగ్గరికి పోయి తొంగి చూసింది. క్లావ్దియా ఎక్కడో లోపల గిన్నెలు కడుగుతోంది. వాదిమ్ ఒక్కడే మూల బల్ల దగ్గర, గోడకి వీపు ఆనించి, వచ్చేపోయేవాళ్ళని గమనిస్తూ మాంసం కుడుములు నములుతున్నాడు. ఇంట్లో అలా కూర్చుని తినేవాడు కాదు. ఎవరిదో యుద్ధంలో చిక్కుకున్నవాడిలా ఉన్నాడు. రిమ్మా లోపలికి వెళ్ళలేదు. అక్కడి నుంచి అటే డాక్టర్ దగ్గరికి వెళ్ళింది.

నెల్లీ అర్కాద్యెవ్నా టీ పోసి, తలుపు వేసొచ్చి కూర్చుంది. ఇరవై ఏళ్ళుగా పైలట్ల అబద్ధాలు వినీ వినీ ఆవిడ ముఖం ఒకపక్కకి వంగిపోయిందని ఊళ్ళో జోకు.

"చెప్పండి రిమ్మా సవేల్యెవ్నా. మీరు వస్తారని చూస్తున్నా."

"మా ఆయన నన్ను అనుమానిస్తున్నాడు డాక్టరమ్మా. నేనేదో కలుపుతున్నానట. ఏం కలుపుతున్నానో కూడా చెప్పడు."

"అయొడిన్," అంది డాక్టర్.

"ఏంటీ?"

"మీకు చెప్పలేదా? ఆయన ఒంట్లో అయొడిన్ పొంగిపోతోంది. గ్రంథికి అది తిండే, కానీ తిండి మరీ మీద పడితే భయపడి పని మానేస్తుంది. బాగున్న గ్రంథి అయితే రెండు రోజులు అలిగి మళ్ళీ పన్లోకి దిగుతుంది. ఈయనది బరువు లేని చోట అలిసిపోయి వచ్చిన గ్రంథి. అలక తీరట్లేదు. అది ఎక్కడి నుంచి వస్తోందో తెలీక నేను చస్తున్నా. సముద్రపు క్యాబేజీ తింటున్నారా అంటే లేదన్నాడు. దగ్గు మందా? లేదు. ఒంటికేమైనా పూస్తున్నారా? లేదు. నా నోట్లో ప్రశ్న ఉండగానే ఆయన నోట్లోంచి లేదు వచ్చేస్తుంది. మీ పేరు వాదిమేనా అని అడిగినా లేదనేలా ఉన్నాడు!"

రిమ్మా టీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. కళ్ళముందు గోధుమరంగు సీసా కనిపించింది. దాని మీద చీటీ. ఆ చీటీ మీద పెద్ద అక్షరాల్లో ఉన్న ఆ ఒక్క మాట. చిన్నప్పటి నుంచీ చూస్తున్న మాటే, ఎప్పుడూ చదవలేదంతే. శానిటోరియంలో గళ్ళు గీసేవాళ్ళు లేరు. ఇంట్లో ఉన్నారు. వారం వారం ఇంకాస్త దట్టంగా.

డాక్టర్ ఆమెకేసే చూస్తోంది. ఆ చూపులోనూ అనుమానం ఉంది.

"మీకేమైనా తెలుసా?"

తెలుసంటే, ఎందుకు పూశారంటుంది. వీపు అని చెప్పాలి. వీపు అని చెప్తే వాదిమ్ పని ఈ గదిలోనే అయిపోతుంది.

"లేదు," అంది రిమ్మా.

"మీరూ మొదలెట్టారా!" అని డాక్టర్ విసుక్కుంది.

ఇంటికి నడుస్తుంటే మంచు కాళ్ళ కింద కరకరలాడుతోంది. వాదిమ్ అనుమానం నిజమే అయింది. ఇంటి నుంచే, పెళ్ళాం చేతి నుంచే. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మనిషి వీపు మీద పెట్టుకుని వంటింట్లో వెతుకుతున్నాడు. నవ్వబోయి ఆగిపోయింది. దాని వెనకాలే ఇంకో ఆలోచన వచ్చి నిలబడింది. ఇంతకీ ఇప్పుడు తను చెయ్యాల్సిందేముంది? ఏమీ లేదు. శనివారం వస్తుంది. వాదిమ్ తనంతట తనే చొక్కా విప్పి పడుకుంటాడు. గియ్యమని తనే అడుగుతాడు. వసంతం దాకా అలా గీస్తూ పోతే చాలు, మేకుల్లేకుండానే కాళ్ళు నేలకి అతుక్కుంటాయి. తనని దోషిని చేసింది అతనే, శిక్ష కూడా వేసేశాడు. చెయ్యని నేరానికి ఇంత పడ్డాక చేస్తే మాత్రం ఏం పోయింది? ఆ ఆలోచన రిమ్మాకి చాలా ఇష్టంగా అనిపించింది. అలా అనిపించినందుకు తనంటే తనకే భయమేసింది.

శనివారం వచ్చింది. వాదిమ్ బాన్యా నుంచి వచ్చి, సోఫా మీద బోర్లా పడుకున్నాడు. చాలా రోజులుగా ఇద్దరి మధ్య మాటల్లేవు, ఈ శనివారపు వీపు ఒక్కటే మిగిలింది. రిమ్మా దూది చుట్టింది, మూత తీసింది, ముంచింది. పుల్ల చివర గోధుమరంగు చుక్క ఊరింది. వీపు ఎదురు చూస్తోంది.

"గియ్యవేం?" అన్నాడు దిండులోకి.

ఆమె గియ్యలేదు. ఇంకా ఒక్క నిమిషం అలాగే కూర్చుంటే గీసేసేదేమో.

"లే వాదిమ్. లేచి ఇది చదువు."

"ఏంటి?"

"సీసా మీద ఏం రాసుందో చదవమంటున్నా. చదువుకున్నవాడివేగా."

వాదిమ్ మూలుగుతూ లేచి కూర్చున్నాడు. సీసా అందుకుని చదివాడు. గ్రంథి మందగించిన మనిషి కదా, ఆ ఒక్క మాట కళ్ళ నుంచి బుర్రకి చేరడానికి చాలా సేపు పట్టింది. చేరాక ముఖంలో ఏదో తెరిపి వచ్చింది, ఆ వెంటనే మళ్ళీ కళ్ళు చిన్నవయ్యాయి.

"నెల్లీ దగ్గరికి వెళ్ళావా?"

"వెళ్ళాను."

"వీపు సంగతి చెప్పావా?"

"చెప్పలేదు."

"చెప్పలేదు, నా చేత చెప్పిద్దామని వచ్చావు!" వాదిమ్ బొంగురు గొంతు లేచింది. "ఇదా నీ ఎత్తు! అయొడిన్ పూసుకున్నానని నేనే వెళ్ళి ఒప్పుకోవాలి, ఎందుకు పూసుకున్నావంటే వీపని చెప్పాలి, గ్రంథి బాగుపడ్డా వీపు పేరు చెప్పి పక్కన కూర్చోబెడతారు. భలే అల్లావే! అల్లికలు వచ్చని తెలుసు కానీ ఇంత వచ్చని తెలీదు."

రిమ్మా లేచి నిలబడింది. ఇన్నాళ్ళూ మింగిందంతా ఒక్కసారి పైకొచ్చింది.

"అవునయ్యా, నువ్వు వెళ్ళడం నాకిష్టం లేదు! అప్పుడు నలుగురిలో చెప్పాను, ఇప్పుడూ చెప్తున్నా. నువ్వు పైనుంటే నేను కింద బతికినట్టే ఉండదు. నిన్ను ఆపడానికి నేను ఎత్తులు వెయ్యాలా? నోరు మూసుకుని గీస్తే సరిపోయేది! నువ్వే బతిమాలి గీయించుకునేవాడివి. నీకూ తెలిసేది కాదు, నెల్లీకీ తెలిసేది కాదు, ఆ పిల్లికి కూడా తెలిసేది కాదు!" అగ్గిపుల్ల అతని ముక్కు ముందు పెట్టింది. "గియ్యమంటావా? పడుకో. గియ్యి అన్నావంటే ఇప్పుడే గీస్తా. జన్మంతా గీస్తా."

వాదిమ్ పుల్ల వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. చొక్కా తొడుక్కుని గుండీలు పెట్టుకున్నాడు, ఒకటి తప్పించి ఇంకొకటి. రిమ్మా సీసా తీసుకెళ్ళి తొట్లో ఒంపేసింది. ఆ తొట్టి మీద మరక ఇప్పటికీ పోలేదు.

ఆ తర్వాతవి వాదిమ్‌కి మంచి రోజులు కావు. గళ్ళు లేకపోయేసరికి నడుం చుక్కలు చూపించింది. రిమ్మా ఎక్కడో ముసలావిడ దగ్గర కుక్క వెంట్రుకలతో అల్లిన పట్టీ ఒకటి సంపాదించి తెచ్చింది, నడుముకి వెచ్చగా ఉంటుందని. వాదిమ్ దాన్ని లోపలా బయటా తిరగేసి, మూడుసార్లు వాసన చూసి, అప్పుడు కట్టుకున్నాడు. ఇంట్లో తినడం మాత్రం మొదలెట్టాడు. మెల్లిగా ఒక స్వెట్టరు పోయింది. తర్వాత ఉన్ని బూట్లు. ఒకరోజు రిమ్మా ఏదో అడిగితే, అడగడం పూర్తవకముందే జవాబు వచ్చింది, అదీ ఎగతాళిగా. వంటమనిషి పన్లోకి దిగిందని ఆమెకి అర్థమైంది. సంతోషించాలో ఏడవాలో తెలీక తలుపేసుకుని కాసేపు రెండూ చేసింది.

మంచు కరిగే రోజుల్లో వైద్యసంఘం కూర్చుంది. నెత్తురు శుభ్రంగా ఉంది. ఆ అయొడిన్ ఎక్కడి నుంచి వచ్చిందో, ఎక్కడికి పోయిందో ఇప్పుడైనా చెప్తారా అని నెల్లీ అర్కాద్యెవ్నా అడిగితే, వాదిమ్ ఆవిడ మాట పూర్తవకముందే లేదన్నాడు. యాత్ర ఖాయమైంది.

ఆ సాయంత్రం కేకు పెట్టె పట్టుకుని, మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చాడు. గుమ్మంలోనే రిమ్మాని ఎత్తి తిప్పబోయి నడుం గుర్తొచ్చి ఆగాడు. ముఖం ఎర్రగా కళకళలాడుతోంది. రిమ్మా కబురు మధ్యాహ్నమే వింది. విన్నప్పటి నుంచీ చేతులు ఒక పని చేస్తుంటే మనసు ఇంకెక్కడో ఉంది. క్యాబేజీ సూపు ఎలా కాచిందో ఆమెకే తెలీదు. రెండు పళ్ళేల్లో పోసింది, పెచ్చు ఊడినది తన ముందు పెట్టుకుంది.

"ఒక్క మాట అడగనా?" అన్నాడు వాదిమ్ కూర్చుంటూ. నవ్వుతూనే ఉన్నాడు. "ఆ రోజు నువ్వు ఎందుకు చెప్పావు?"

"ఏంటి?"

"చెప్పకపోతే నేను ఉండిపోయేవాణ్ణి. నీకు కావాల్సింది అదేగా. మరి ఎందుకు చెప్పినట్టు? నన్ను పంపించెయ్యాలని ఏంటే అంత తొందర?"

నోరు నవ్వుతోంది. కళ్ళు నవ్వట్లేదు, వెతుకుతున్నాయి. రిమ్మా రొట్టె కోయడానికి అటు తిరిగింది.

వెనకాల పింగాణీ జరిగిన చప్పుడైంది.

ఆమె ఈసారి ఆగలేదు, వెంటనే తిరిగింది. వాదిమ్ చెయ్యి ఇంకా పళ్ళెం అంచు మీదే ఉంది. ఆ చెయ్యి ఏం చేసిందో అప్పటిదాకా అతనికే తెలిసినట్టు లేదు. తెలిశాక చెవుల దాకా ఎర్రబడ్డాడు, ఇప్పుడు ఎర్రబడడానికి కావాల్సినంత వేడి ఉంది.

అతను ఎన్ని నెలలు పైనున్నా తను ఎదురు చూడగలదేమో గానీ, ఈ చేతిని చూస్తూ బతకడం మాత్రం తన వల్ల కాదు. రిమ్మాకి అది స్పష్టంగా తెలిసిపోయింది. అరవలేదు. ఆ పళ్ళెం తీసి సూపుని మళ్ళీ గిన్నెలోకి ఒంపేసింది, రెండోదీ ఒంపేసింది. గిన్నె తెచ్చి బల్ల మధ్యన పెట్టి, అటో చెంచా ఇటో చెంచా వేసి, అతనికి ఎదురుగా కూర్చుంది.

"మా తాత ఇంట్లో అందరం ఒకే గిన్నెలో తినేవాళ్ళం," అంది. "ఇంటి పెద్ద ముందు ముంచాలి. కానివ్వు."

వాదిమ్ చెంచా తీసుకున్నాడు. ఆమె తీసుకోలేదు. చేతులు కట్టుకుని అతనికేసే చూస్తోంది. ఆమె తీసుకుంటుందేమోనని అతను ఒక్క క్షణం చూశాడు. తీసుకోదని అర్థమైంది. తిష్కా కాళ్ళ దగ్గర చేరి తన వాటా కోసం అరిచింది. వాదిమ్ దాన్ని కాలితో పక్కకి జరిపి, చెంచా ముంచి నోట్లో పెట్టుకున్నాడు. ఇంకోటి. ఇంకోటి. ఆమె చూస్తూనే ఉంది, అతను తల ఎత్తకుండా తింటూనే ఉన్నాడు.

"ఉప్పు సరిపోయిందా?" అంది రిమ్మా చివరికి.

"సరిపోయింది," అన్నాడు వాదిమ్.

రిమ్మా అలమారకేసి చూసింది. ఉప్పు సీసా పొద్దుటి నుంచీ పెట్టినచోటే, మూతకి కట్టిన గుడ్డ కట్టినట్టే ఉంది. సూపులో ఉప్పే వెయ్యలేదని ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. పైకి అనకుండా, తన చెంచా తీసుకుంది.